ఏడాది ఆదాయం 12 లక్షలు దాటకపోయినా ప్లాటు అమ్మితే పన్ను కట్టాలా?

ప్రశ్న: నేను నల్లగొండలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నెలకు 15,000 రూపాయల జీతం తప్ప నాకు వేరే ఆదాయం లేదు. మా నాన్నగారు 2006 ఆగస్టులో పట్టణ పరిధిలోనే 150 గజాల ప్లాటు కొన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి అప్పట్లో 60,000 రూపాయలు అయింది. దాన్ని 2012లో పసుపు కుంకుమల కింద నా పేరున గిఫ్ట్ డీడ్ చేశారు. ఇప్పుడు 11 లక్షలకు బేరం కుదిరింది. బయానాగా లక్ష రూపాయలు నా బ్యాంకు ఖాతాలో వేశారు. ఈ ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. కాగితంలో 5 లక్షలే రాయించి, మిగిలిన 6 లక్షలు నగదుగా ఇస్తామని కొనేవారు అంటున్నారు. 12 లక్షల దాకా పన్నే లేదని అందరూ చెబుతున్నారు. నా జీతం, ప్లాటు మీద లాభం కలిపినా ఆ మొత్తం దాటదు. రెండేళ్ల కిందట మా తమ్ముడు ఊళ్లో ఎకరం పొలం అమ్మితే రూపాయి కూడా కట్టలేదు. నేను మాత్రం ఎందుకు కట్టాలి? ఈ డబ్బుతో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షల అప్పు తీర్చాలి, మా అమ్మాయి నర్సింగ్ చదువుకు రెండున్నర లక్షలు కట్టాలి. మిగిలితే మావారి పేరున ఉన్న ఇంటిపైన రెండు గదులు వేయాలని ఉంది. సలహా ఇవ్వగలరు.

సమాధానం: మీరు పన్ను కట్టవలసి ఉంటుంది. ఏ జాగ్రత్తా తీసుకోకుండా అమ్మితే అది 96,850 రూపాయలు అవుతుంది, అంటే మీ ఆరు నెలల జీతానికి పైమాటే. అయితే రిజిస్ట్రేషన్ ఇంకా జరగలేదు కాబట్టి ఈ భారాన్ని చట్టబద్ధంగా తగ్గించుకునే వ్యవధి మీకు ఉంది. ముందుగా పన్ను ఎందుకు పడుతుందో వివరించి, తరువాత దాన్ని తగ్గించుకునే దారి చెబుతాను.

12 లక్షల దాకా పన్ను లేదన్న మాట 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో వచ్చిన రిబేటు గురించినది. ఆ విధానంలో అసలు పన్ను పరిధిలోకి రాని ఆదాయం 4 లక్షలు మాత్రమే. అక్కడి నుంచి 12 లక్షల దాకా స్లాబుల (ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే అంచెల) ప్రకారం పన్ను లెక్కకట్టి, ఆ పన్నును 60,000 రూపాయల వరకు రిబేటుగా మాఫీ చేస్తారు. ఈ మాఫీ జీతం, వడ్డీ, అద్దె వంటి స్లాబు రేట్ల కిందికి వచ్చే ఆదాయానికే వర్తిస్తుంది. ప్రత్యేక రేటు పడే ఆదాయానికి అది వర్తించదని 2025 ఆర్థిక చట్టంలో స్పష్టంగా రాశారు. ఇరవై నాలుగు నెలలకు మించి చేతిలో ఉన్న స్థలాన్ని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. దానికి 12.5 శాతం ప్రత్యేక రేటు ఉంది. అందువల్ల మీ మొత్తం ఆదాయం 12 లక్షల లోపే ఉన్నా ప్లాటు మీది లాభానికి రిబేటు దక్కదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. తండ్రి గిఫ్టుగా ఇచ్చిన ఆస్తికి ఆయన పెట్టిన ధరే మీ ధర అవుతుంది, ఆయన చేతిలో ఉన్న కాలం కూడా మీ కాలంలో కలుస్తుంది. కాబట్టి 11 లక్షల నుంచి 60,000 తీసేస్తే లాభం 10,40,000 రూపాయలు. మీ ఏడాది జీతం 1,80,000 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ (జీతం ఉన్నవారందరికీ ఇచ్చే నిర్ణీత తగ్గింపు) 75,000 పోగా 1,05,000 మిగులుతుంది. రెండూ కలిపితే 11,45,000. ఇక్కడ చిన్న ఆదాయం ఉన్నవారికి చట్టం ఇచ్చిన ఒకే ఒక్క ఊరట పనికొస్తుంది. 4 లక్షల ప్రాథమిక మినహాయింపులో జీతానికి వాడుకోగా మిగిలిన 2,95,000 రూపాయలను మూలధన లాభం నుంచి తగ్గించుకోవచ్చు. అలా తగ్గించగా మిగిలే 7,45,000 మీద 12.5 శాతం చొప్పున 93,125, దానిపై 4 శాతం సెస్సు 3,725, మొత్తం 96,850 రూపాయలు. పాత విధానంలో లెక్కిస్తే ప్రాథమిక మినహాయింపు 2,50,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 మాత్రమే కాబట్టి పన్ను 1,19,600కు చేరుతుంది. మీకు కొత్త విధానమే మేలు. ఎనభై ఏళ్లు నిండినవారి పేరున ఉన్న ఆస్తి అయితే పాత విధానంలో 5 లక్షల మినహాయింపు ఉంటుంది గనుక వారు రెండు విధాలా లెక్క వేసుకుని చూడాలి. వాడుకోని మినహాయింపును ఇలా సర్దుకునే సౌకర్యం దేశంలో నివాసి హోదా ఉన్నవారికే ఉంది. గల్ఫ్‌లో పనిచేస్తూ ఎన్ఆర్ఐ హోదాలో ఉన్నవారికి అది లేదు.

ఈ లెక్కలో నన్ను నిజంగా బాధించే విషయం ఒకటి ఉంది. 12.5 శాతం రేటును రాయితీ రేటుగా భావిస్తారు. జీతం మీద 30 శాతం స్లాబులో పన్ను కట్టేవారికి అది రాయితీయే. మీకు మాత్రం కాదు. మీ 11,45,000 ఆదాయానికీ మామూలు స్లాబు రేట్లే వేస్తే, రిబేటు లెక్కలోకి తీసుకోకపోయినా, సెస్సుతో కలిపి పన్ను 56,680 రూపాయలు అయ్యేది. రిబేటు కూడా ఇస్తే సున్నా అయ్యేది. ఏటా 12 లక్షల ఆదాయం ఉన్న ఉద్యోగి ఒక్క రూపాయి కట్టనవసరం లేని ఏడాదిలోనే, ఏడాదికి 1,80,000 సంపాదించే మీరు జీవితంలో ఒక్కసారి ఒక ప్లాటు అమ్మినందుకు లక్షకు దగ్గరగా కట్టాల్సి వస్తోంది. ఏటా 30 లక్షల జీతం ఉన్న వ్యక్తికి ఇంతే లాభం వస్తే దానిపై 1,35,200 కడతారు. ఆయన జీతానికీ మీ జీతానికీ ఉన్న తేడాతో పోలిస్తే ఈ పన్నుల తేడా ఎంత స్వల్పమో చూడండి. అంతకన్నా వింతైనది మరొకటి. పోయిన ఏడాది కొన్న ప్లాటును ఈ ఏడాది అమ్మి 10 లక్షలు లాభం తీసినవారిది స్వల్పకాలిక లాభం. స్థలం విషయంలో దానికి స్లాబు రేట్లే వర్తిస్తాయి కాబట్టి, మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. కూతురి కోసం కొని ఇరవై ఏళ్లు ఉంచిన స్థలానికి పన్ను పడుతుంది, ఏడాదిలో చేతులు మార్చినదానికి పడదు. అమెరికాలో దీర్ఘకాలిక లాభం మీద రేటు ఆదాయాన్ని బట్టి 0, 15, 20 శాతాలుగా ఉంటుంది. 2025లో ఒంటరి వ్యక్తికి 48,350 డాలర్ల పన్ను వర్తించే ఆదాయం వరకు సున్నా రేటే. మన చట్టంలోనూ తక్కువ ఆదాయం ఉన్నవారికి అలాంటి సున్నా రేటు ఒకటి ఉండాలని, లేదా కనీసం రిబేటు అయినా వర్తించాలని నా అభిప్రాయం. అది వచ్చేదాకా ఉన్న చట్టం ప్రకారమే నడుచుకోవాలి.

ద్రవ్యోల్బణ సూచికతో ధర పెంచి చూపే పాత పద్ధతి ఏమైందని మీకు సందేహం రావచ్చు. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలాలు, ఇళ్లు అమ్మే నివాసి వ్యక్తులకు ఇప్పటికీ రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఉంది. సూచిక లేకుండా 12.5 శాతం ఒకటి, సూచికతో 20 శాతం ఇంకొకటి. మీ నాన్నగారు కొన్న 2006-07కు సూచిక 122, 2025-26కు 376. ఆ లెక్కన 60,000 ధర సుమారు 1,84,900 అవుతుంది. అయినా మిగిలిన లాభం మీద 20 శాతం వేస్తే పన్ను ఎక్కువే వస్తుంది. ధర బాగా పెరిగిన స్థలాలకు 12.5 శాతమే నయం. పెరగనివాటికి పాత లెక్క మేలు చేస్తుంది. ఉదాహరణకు మహబూబ్‌నగర్‌లో ఒకరు 2012-13లో 5 లక్షలకు కొన్న ఇంటి స్థలాన్ని ఇప్పుడు 10 లక్షలకు అమ్మారనుకుందాం. ఆ ఏడాది సూచిక 200 కాబట్టి పెంచిన ధర 9,40,000 అవుతుంది, లాభం 60,000, దానిపై 20 శాతం అంటే 12,000. సూచిక లేకుండా చూస్తే 5 లక్షల మీద 62,500. అందుకే ఇలాంటి ఆస్తి అమ్మేవారు రెండు లెక్కలూ వేసిన తరువాతే పన్ను కట్టాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు సంక్రమించిన ఆస్తులకు ఆ రోజు నాటి విలువను ధరగా తీసుకోవచ్చు. కాకపోతే అది నాటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువకు మించకూడదు.

మీ తమ్ముడి విషయం వేరు. గ్రామీణ ప్రాంతంలోని వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగానే పరిగణించదు. అందుకే దాన్ని అమ్మితే ఎంత లాభం వచ్చినా పన్ను ఉండదు. ఏది గ్రామీణమన్నది ఊరి పేరును బట్టి కాక, దగ్గరి పురపాలక పట్టణం జనాభాను, దాని సరిహద్దు నుంచి గగనతల దూరాన్ని బట్టి తేలుతుంది. పట్టణ జనాభా పదివేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్లు, ఆపైన 8 కిలోమీటర్ల లోపలి భూమి గ్రామీణం కిందికి రాదు. 2011 జనగణన ప్రకారం నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటినవి, వనపర్తి, గద్వాల లక్ష లోపువి. మీ తమ్ముడి పొలం నల్లగొండ పురపాలక సరిహద్దు నుంచి 6 కిలోమీటర్లకు ఆవల, మరే పట్టణం పరిధిలోకీ రాకుండా ఉండి, నిజంగా సాగులో ఉన్నదైతే ఆయన పన్ను కట్టకపోవడం సరైనదే. మీది పట్టణం లోపలి ఇంటి స్థలం కాబట్టి ఆ మినహాయింపు రాదు. పొలాన్ని నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించి ప్లాట్లుగా కోసి అమ్మేవారు కూడా ఊళ్లోని భూమే కదా అని ధీమాగా ఉండకూడదు. ఇక 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం తీసుకున్న భూమికి వచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను ఉండదు. రిజర్వాయర్లకు, కాలువలకు భూములిచ్చిన మన రైతులు ఈ సంగతి తెలుసుకోవాలి.

కొనేవారి ప్రతిపాదనను దయచేసి ఒప్పుకోకండి. స్థలం అమ్మకంలో 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని చట్టం నిషేధించింది. ఉల్లంఘిస్తే తీసుకున్నంత మొత్తాన్నీ జరిమానాగా వేయవచ్చు, ఆ జరిమానా పడేది ఇచ్చినవారికి కాదు, తీసుకున్నవారికి. అంటే 96,850 రూపాయల పన్నులో కొంత తప్పించుకోబోయి మీరు 6 లక్షల జరిమానా ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది. స్టాంపు డ్యూటీ ఆదా అయ్యేది కొనేవారికి, చిక్కు వచ్చేది మీకు. పైగా కాగితం మీద లేని ఆ 6 లక్షలను రేపు బ్యాంకులో వేసినా, ఫీజుకు కట్టినా, ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే చూపడానికి ఆధారం ఉండదు. కాగితంలో రాసిన ధర కంటే ప్రభుత్వ విలువ పది శాతానికి మించి ఎక్కువ ఉంటే, పన్ను లెక్కకు ఆ ప్రభుత్వ విలువనే తీసుకుంటారని కూడా గుర్తుంచుకోండి. 11 లక్షలూ పత్రంలో రాయించండి, మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. వారు ఒప్పుకోకపోతే బయానా తిరిగి ఇచ్చేసి వేరే బేరం చూసుకోవడమే క్షేమం.

పన్ను తగ్గించుకునే మార్గాల్లో మీకు సరిపోయేది బాండ్ల మార్గం. స్థలం, ఇల్లు వంటి ఆస్తి అమ్మిన ఆరు నెలల లోపు ఆర్‌ఈసీ, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఇందుకోసమే ఇచ్చే బాండ్లలో లాభాన్ని పెడితే, పెట్టినంత మేరకు పన్ను ఉండదు. వాటిని 54ఈసీ బాండ్లు అంటారు. గరిష్ఠ పరిమితి 50 లక్షలు. డబ్బు ఐదేళ్ల దాకా తీయడానికి వీలుండదు, వాటిని తాకట్టు పెట్టి అప్పు కూడా తీసుకోకూడదు. వాటి మీద వచ్చే వడ్డీని ఏటా ఆదాయంలో చూపాలి, కానీ మీ ఆదాయ స్థాయిలో ఆ వడ్డీకి పన్ను పడదు. మీ విషయంలో ఏడున్నర లక్షలు బాండ్లలో పెడితే పన్ను పూర్తిగా పోతుంది. ఇది విని చాలామంది అప్పు అలాగే ఉంచి డబ్బంతా బాండ్లలో పెడతారు. అది నష్టం. నూటికి రెండు రూపాయల చొప్పున 3 లక్షల మీద ఏడాదికి 72,000 వడ్డీ పోతుంది. అదే 3 లక్షలు బాండ్లలో పెడితే మిగిలే పన్ను, ఒకే ఒక్కసారి, 39,000. కాబట్టి ముందు అప్పు తీర్చండి. అమ్మాయి చదువును వాయిదా వేయకండి. ఈ రెండింటికీ పోగా మీ దగ్గర 5,50,000 ఉంటుంది. అందులో 4 లక్షలు బాండ్లలో పెడితే 52,000 పన్ను తగ్గి, మీరు కట్టవలసింది 44,850కి దిగుతుంది. అప్పుడు కూడా అత్యవసరాలకు లక్ష రూపాయలకు పైగా చేతిలో ఉంటుంది. నా సలహా ఇదే.

ఇంటిపైన గదుల ఆలోచనను పన్ను మినహాయింపుతో ముడిపెట్టకండి. ప్లాటు అమ్మిన డబ్బుతో ఇల్లు కొంటే లేదా కట్టుకుంటే మినహాయింపు ఇచ్చే 54ఎఫ్ సెక్షన్ ఉన్న మాట నిజమే. అమ్మిన రెండేళ్లలో కొనడానికి, మూడేళ్లలో కట్టుకోవడానికి అందులో గడువు ఉంది. కానీ అది మీరు సమకూర్చుకునే కొత్త నివాస గృహానికి ఉద్దేశించినది. మావారి ఇంటిపై గదులు వేశానని చూపితే అధికారులు అంగీకరిస్తారన్న భరోసా లేదు. మీ పేరున వేరే ఇల్లు కట్టే ఉద్దేశం ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ప్లాటును ముందు భర్త పేరుకు మార్చి అమ్మితే కలిసివస్తుందని ఎవరైనా చెప్పినా వినకండి. భార్యాభర్తల మధ్య ఉచితంగా మారిన ఆస్తి మీది లాభాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. రెండు ప్లాట్లు ఉన్న పాఠకులు మాత్రం ఒకటి మార్చి లోపల, రెండోది ఏప్రిల్ తరువాత అమ్మే సంగతి ఆలోచించవచ్చు. ఏటా వచ్చే 4 లక్షల ప్రాథమిక మినహాయింపు మరుసటి ఏడాదికి నిల్వ ఉండదు కాబట్టి, రెండేళ్లలో అమ్మితే రెండుసార్లు వాడుకోవచ్చు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించి మీరు అడగలేదు గాని క్లుప్తంగా చెబుతాను. ఏడాదికి మించి ఉంచిన లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద ఏటా 1,25,000 లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. కొత్త విధానంలో రిబేటు వీటికీ రాదు, వాడుకోని ప్రాథమిక మినహాయింపు మాత్రం వీటికీ పనికొస్తుంది.

ఇక పన్ను కట్టే పద్ధతి. 50 లక్షల లోపు అమ్మకంలో కొనేవారు టీడీఎస్ (అమ్మకం డబ్బులోంచి ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయరు, కాబట్టి లెక్క వేసి కట్టే బాధ్యత మీదే. పన్ను 10,000 దాటుతుంది గనుక అడ్వాన్స్ ట్యాక్స్‌గా మార్చి 15 లోపు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చెల్లించండి. రిజిస్ట్రేషన్ ఆ తేదీ దాటి జరిగితే మార్చి 31 లోపు కట్టవచ్చు. ఆలస్యమైతే నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. రిటర్ను ఐటీఆర్-2 ఫారంలో జూలై 31 లోపు వేయాలి. గడువు దాటితే 5,000 రూపాయల ఆలస్య రుసుము ఉంటుంది. పన్ను కట్టి రిటర్ను వేయడానికి పాన్ అవసరం కాబట్టి మీ దగ్గర లేకపోతే వెంటనే తీసుకోండి. బ్రోకరుకు కమీషన్ ఇస్తే బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు పెట్టుకోండి, దాన్ని అమ్మకం ధర నుంచి తీసివేయవచ్చు. ప్రహరీ గోడ కట్టించి ఉన్నా, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) రుసుము చెల్లించి ఉన్నా ఆ రసీదులను రిటర్ను వేసే కన్సల్టెంటుకు చూపండి. కొన్న ధరలో వాటిని కలుపుకునే వీలుంటుంది. కలిపిన ప్రతి పదివేలకు 1,300 రూపాయల పన్ను తగ్గుతుంది.

రిజిస్ట్రేషన్ రోజున మీ నాన్నగారి 2006 నాటి కొనుగోలు పత్రం, 2012 గిఫ్ట్ డీడ్ లింకు డాక్యుమెంట్లుగా కొనేవారి చేతికి వెళ్లిపోతాయి. మీ ధర 60,000 అని, స్థలం 2006 నుంచి మీ కుటుంబం చేతిలో ఉందని రుజువు చేసే కాగితాలు అవే. కాబట్టి ఫిబ్రవరికి ముందే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేసి రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. వాటిని కొత్త విక్రయ పత్రం నకలుతోను, డబ్బు జమైన బ్యాంకు స్టేట్‌మెంటుతోను కలిపి భద్రపరచండి.